తడిసినా బతికే బూటు

పాపికొండలను తెల్లదొరలు ‘బైసన్ హిల్స్’ అనేవాళ్ళు. అడవిదున్నలు తిరిగే కొండలు కాబట్టి ఆ పేరు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఇక్కడి కొండరెడ్ల మీద రాసి 1945లో అచ్చువేసిన పుస్తకం పేరులోనూ ఈ కొండలే ఉన్నాయి. ఆ రోజుల్లో వేట సరదా కొద్దీ కొండెక్కే పెద్దమనుషులకు మోకాళ్ళ దాకా తోలు బూట్లు, ముందు నడిచి దారి చూపే కొండరెడ్డికి వట్టి పాదాలు. ఎవరు ముందు అలిసిపోయేవారో వేరే చెప్పనక్కర్లేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా ముగిసింది. పాపికొండల అడవి 1978లో అభయారణ్యం, 2008లో వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణంతో జాతీయ ఉద్యానం అయింది. తుపాకి పట్టుకుని అందులోకి వెళ్తే ఇప్పుడు జైలే. అయినా వేటగాడి నడక మాత్రం పోలేదు. దారి లేనిచోట, ఏటవాలులో, చప్పుడు కాకుండా, కళ్ళు నేల మీద కాక చెట్ల మీద పెట్టి నడిచే ఆ నడకను బీటు ఆఫీసర్లు, అడవి వాచర్లు, పులుల లెక్కకు కెమెరాలు కట్టేవాళ్ళు, మొక్కలు వెతికే వృక్షశాస్త్రం విద్యార్థులు నడుస్తూనే ఉన్నారు. గుడిస కొండ మీద మేఘాలు చూద్దామని రాజమండ్రి, కాకినాడ, భీమవరం నుంచి బయల్దేరే కుర్రకారు సరేసరి.

వీళ్ళందరికీ వచ్చే సందేహం ఒక్కటే: ఏ బూటు కొనాలి? దొరికే సలహాలన్నీ ఆల్ప్స్ నుంచో అమెరికా రాకీ పర్వతాల నుంచో వస్తాయి. అక్కడ బూటుకు శత్రువు మంచు, పదునైన రాయి. అందుకే నీళ్ళు చొరబడని, బరువైన, దిట్టమైన తోలు బూటును మెచ్చుకుంటారు. మన మన్యంలో బూటును చంపేది రాయి కాదు, తేమ, వేడి. ఈ రెండూ కలిసి చేసే పని అర్థమైతే ఎంపిక సగం తేలిపోయినట్టే.

ముందు ఏటవాలు సంగతి చూద్దాం. వాలు మీద కాలు జారకుండా నిలవాలంటే బూటుకూ నేలకూ మధ్య ఎంత పట్టు కావాలో లెక్క కట్టడం తేలిక. ఆ కోణానికి ‘టాన్’ విలువ ఎంతో, ఘర్షణ గుణకం కనీసం అంత ఉండాలి. 20 డిగ్రీల వాలుకు 0.36 చాలు. 30 డిగ్రీలకు 0.58 కావాలి. 45 డిగ్రీలకైతే సరిగ్గా 1. పొడి రాతి మీద మంచి రబ్బరు ఈ పరీక్షల్లో చాలావాటిని నెగ్గుతుంది. పాచి పట్టిన తడి రాతి మీద అదే రబ్బరు నాలుగో వంతు పట్టు కూడా ఇవ్వకపోవచ్చు. రంప జలపాతం దగ్గరో అమృతధార దగ్గరో కాళ్ళు జారేది బూటు నాసిరకం కావడం వల్లనే కాదు. రబ్బరుకూ రాతికీ మధ్య జిగురు నీటిపొర ఉంటే ప్రపంచంలో ఏ సోలూ రాయిని అంటుకోలేదు.

గాడులున్న రబ్బరు సోలు పుట్టుక వెనక ఒక విషాదం ఉంది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో ఆరుగురు పర్వతారోహకులు వాతావరణం చెడి మంచులో చిక్కుకుని చనిపోయారు. అప్పటి పద్ధతి ప్రకారం రాయి ఎక్కడానికి వాళ్ళు పలచని సోలు జోళ్ళు వేసుకున్నారు. అవి మంచులో పనికిరాలేదు. వాళ్ళ స్నేహితుడు వితాలె బ్రమాని టైర్ల కంపెనీ పిరెల్లీ సాయంతో 1937 నాటికి లోతైన గాడులున్న రబ్బరు సోలు తయారుచేశాడు. ఆయన పేరు, ఇంటిపేరు ముక్కలు కలిపితే వచ్చిందే ‘విబ్రామ్’. 1954లో కె2 శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఇటలీ బృందం బూట్లకు ఈ సోళ్ళే ఉన్నాయి. ఇవాళ ఫుట్‌పాత్ మీద అమ్మే బూటు సోలు మీద కూడా ఆ గాడుల నకలే కనిపిస్తుంది.

అయితే గాడులు ఎంత దగ్గరగా ఉండాలన్నది నేలను బట్టి ఉంటుంది. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే ఖోండలైట్ రాయి ఎండావానలకు తేలిగ్గా శిథిలమై ఎర్రమట్టిగా, గరుసు గుల్లరాయిగా మారిపోతుంది. వేసవిలో ఆ గుల్ల పొడి గింజల్లా రాలి అడుగు కింద దొర్లుతుంది. తొలకరి పడ్డాక అదే నేల జిగట. దగ్గర దగ్గరగా సన్నని గాడులుంటే పది అడుగుల్లో మట్టి నిండి సోలు నున్నగా అయిపోతుంది. గాడి నాలుగైదు మిల్లీమీటర్ల లోతుండాలి. గాడుల మధ్య ఎడం ఉండాలి. నడుస్తుంటే బూటు వంగి మట్టిని తనే విదిలించుకోవాలి. మడమ దగ్గర సోలు మెట్టులా తెగి ఉండటం ఇంకా ముఖ్యం. కొండ దిగేటప్పుడు బ్రేకు అదే. మడమ, ముంగాలు ఒకే పలకగా ఉన్న పరుగు బూట్లతో గుడిస దిగినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

రబ్బరు మెత్తదనంలో ఒక బేరం ఉంది. మెత్తని రబ్బరు రాతి గరుకులోకి దిగి బాగా పట్టుకుంటుంది, కానీ త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఏళ్ళ తరబడి అరగదు, తడి రాతి మీద మాత్రం మోసం చేస్తుంది. ‘అరగని సోలు’ అని దుకాణదారు గొప్పగా చెబితే కొండకు దాన్ని కొనకండి. గోటితో నొక్కితే కొంచెమైనా లొంగేదే కొనండి.

ఇక తేమ. బూట్లలో మహా ఖరీదైన రకం నీళ్ళు లోపలికి రాని పొర ఉన్నది. అమెరికాలో బాబ్ గోర్ 1969లో టెఫ్లాన్ జాతి పదార్థాన్ని ఒక్కసారిగా సాగదీసి కనిపెట్టిన పొర ఇది. దాని రంధ్రాలు నీటిచుక్క దూరలేనంత చిన్నవి, చెమట ఆవిరి బయటికి పోగలిగినంత పెద్దవి. వినడానికి అద్భుతంగా ఉంటుంది. కానీ ఆవిరి తనంతట తాను పోదు. లోపల ఆవిరి పీడనం ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే కదులుతుంది. చెమటతో తడిసిన పాదం దగ్గర 35 డిగ్రీల వేడిలో ఆ పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్‌లు. ఆల్ప్స్‌లో 10 డిగ్రీల చలి, 60 శాతం తేమ ఉన్న రోజున బయట 0.7 మాత్రమే. తేడా దాదాపు 5. మారేడుమిల్లిలో ఆగస్టు నెల మధ్యాహ్నం 30 డిగ్రీలు, 85 శాతం తేమ అనుకుందాం. బయటే 3.6 ఉంది. తేడా 2కు పడిపోయింది. అంటే చెమటను బయటికి నెట్టే బలం సగం కూడా లేదు. రెండు పాదాల్లో కలిపి సుమారు రెండున్నర లక్షల స్వేద గ్రంథులున్నాయని చెబుతారు. అవి మాత్రం ఏ తగ్గింపూ లేకుండా పనిచేస్తూనే ఉంటాయి. బయటి నీళ్ళు రాకుండానే లోపలి నీళ్ళతో బూటు నిండుతుంది.

దానికి తోడు మన కొండల్లో నడక అంటే వాగులు దాటడం. పాములేరు లాంటి వాగులో మోకాలి లోతు నీళ్ళలో దిగితే పైనుంచి బూటులోకి నీళ్ళు వస్తాయి. నీళ్ళు రానివ్వని బూటు నీళ్ళు పోనివ్వదు కూడా. మిగిలిన దారంతా ఆ చెంబెడు నీళ్ళూ మోయవలసిందే.

ఈ పాఠం అమెరికా సైన్యం వియత్నాంలో నేర్చుకుంది, అదీ మన కోనసీమలాంటి మెకాంగ్ డెల్టా వరిచేలల్లో. రోజుల తరబడి బురదనీళ్ళలో నానిన సిపాయిల పాదాలు తెల్లగా ముడతలు పడి, వాచి, అడుగు వేయలేనంతగా పుళ్ళయ్యేవి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘ప్యాడీ ఫుట్’. మందుకన్నా ముఖ్యమైన వైద్యం పాదాలను ఆరనివ్వడమే అని తేలింది. ఊడ్పుల కాలంలో మన రైతుకూలీల వేళ్ళ సందులు ఒరుసుకుపోవడం దీనికి చిన్నచెల్లెలు. ఆ సైన్యం వాడిన జంగిల్ బూటు చూస్తే ఆ అనుభవం అంతా అందులో ఉంది. పాదం చుట్టూ తోలు, చీలమండ పైన పలచని నైలాను, కాన్వాసు గుడ్డ, లోపలి పక్కన నీళ్ళు కారిపోవడానికి జల్లెడ వేసిన చిన్న రంధ్రాలు. అడుగడుగుకీ నీళ్ళు బయటికి చిమ్ముతాయి. తడవకుండా ఆపలేమని ఒప్పుకుని, త్వరగా ఆరేలా చేశారు. మన్యానికి కావలసిన తెలివి ఇదేనని నా అభిప్రాయం.

మన దగ్గర ఆర్మీ సామాన్లు అమ్మే దుకాణాల్లో ‘జంగిల్ బూటు’, ‘హంటర్ షూ’ పేర్లతో దొరికే ఆకుపచ్చ కాన్వాసు బూటు ఈ కుటుంబానిదే. చూడటానికి బీదగా ఉంటుంది. కానీ తేలిక, త్వరగా ఆరుతుంది, మట్టిని పట్టుకుంటుంది. లోపం ఏమిటంటే అడుగు పలచన, లోపలి మెత్త నామమాత్రం. మంచి ఇన్‌సోలు విడిగా కొని వేసుకుంటే, వేల రూపాయల బూటు చేసే పనిలో ముప్పాతిక వంతు ఇది చేస్తుంది. ఒకటి రెండు సీజన్లకు మార్చుకోవాలి. మన్నిక అంటే పదేళ్ళు ఉండటమే అనుకునేవాళ్ళకు ఇది నచ్చదు.

పదేళ్ళు ఉండాలంటే తోలు బూటే. తోలు గురించి మాట్లాడే హక్కు మనకు కాస్త ఎక్కువే ఉంది. పచ్చి చర్మం అంటే కొలాజెన్ అనే ప్రొటీను పోగుల అల్లిక. తడిపి వదిలేస్తే కుళ్ళిపోతుంది, ఎండబెడితే అట్టకడుతుంది. ఆ పోగులను ఒకదానికొకటి కట్టివేసేదే ఊనడం. దక్షిణాదిన దానికి తరతరాలుగా వాడినవి తంగేడు బెరడు, కరక్కాయ. ఆ కరక్కాయలు మన్యం అడవుల్లోనూ కాస్తాయి. గిరిజనులు ఏరి తెచ్చిన కాయలను 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటూ వచ్చింది. అంటే కొండ దిగి వచ్చిన కాయే తోలుగా మారి మళ్ళీ కొండెక్కేది. కిర్రు చెప్పుల తోలు ఇలా బెరడుతో, కాయతో ఊనిందే.

ఇరవయ్యో శతాబ్ది మొదట్లో మద్రాసు రాజధానిలోకి క్రోమియం లవణాలతో ఊనే పద్ధతి వచ్చింది. మద్రాసు శివారు క్రోంపేటకు ఆ పేరు అక్కడ వెలసిన క్రోమ్ లెదర్ కంపెనీ వల్లనే. పచ్చి చర్మం 60-65 డిగ్రీల వేడినీటిలో ముడుచుకుపోతుంది. బెరడు తోలు 70 నుంచి 85 దాకా తట్టుకుంటుంది. క్రోమ్ తోలు మరిగే నీళ్ళను కూడా తట్టుకోగలదు. తడిసి ఆరి, తడిసి ఆరి కూడా మెత్తగా ఉండగలదు. కాబట్టి పైతోలు క్రోమ్‌ది ఉండాలి. ఈ ఊనడంలో అణువుల స్థాయిలో ఏం జరుగుతుందో శోధించిన ప్రపంచస్థాయి శాస్త్రవేత్తల్లో ఒకరు తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు సంచాలకుడై, తర్వాత సీఎస్ఐఆర్‌కు అధిపతి అయి, 1985 కనిష్క విమాన విస్ఫోటంలో కన్నుమూశారు. తోలు పనిని అంటరాని పనిగా చూసిన దేశంలో ఒక రైతుబిడ్డ దాన్ని శాస్త్రంగా నిలబెట్టడం చిన్న సంగతి కాదు. ఆ కథ మన పాఠ్యపుస్తకాల్లో ఇంకాస్త చోటు అడుగుతుంది.

దుకాణంలో ‘ప్యూర్ లెదర్’ అన్నంత మాత్రాన సరిపోదు. చర్మం పైపొర చెక్కుచెదరకుండా ఉన్న ఫుల్ గ్రెయిన్ తోలులో పోగుల అల్లిక చిక్కగా ఉంటుంది. దాన్ని చీల్చగా మిగిలిన కింది పొరకు రంగు ప్లాస్టిక్ పూత పూసి అమ్మేది స్ప్లిట్ తోలు. బొటనవేలితో నొక్కి చూడండి. నొక్కినచోట సన్నని సహజమైన ముడతలు వస్తే పైపొర. పాలిథిన్ కాగితంలా నున్నగా లోపలికి పోతే పూత.

బూటులో ముందుగా చచ్చేది తోలు కాదు. పైతోలుకూ కింది రబ్బరుకూ మధ్య తెల్లగానో బూడిద రంగులోనో ఉండే మెత్తని పొర. దాన్ని ఎక్కువగా పాలియురెథేన్‌తో పోస్తారు. అందులో పాలియెస్టర్ రకానికి ఒక జబ్బు ఉంది. గాలిలోని నీటి అణువులు దాని గొలుసుల లంకెలను ఒక్కొక్కటే తెంచుతాయి. ఆ తెగినచోట పుట్టే ఆమ్లం పక్క లంకెలు తెగడాన్ని ఇంకా త్వరపెడుతుంది. వేడి, తేమ ఎక్కువైతే వేగమూ ఎక్కువే. బాగా దాచుకున్న బూటు అయిదారేళ్ళకు పెట్టెలోంచి తీసేసరికి బయటికి కొత్తదానిలాగే ఉంటుంది. కొండ సగం ఎక్కేసరికి మధ్యపొర రొట్టె పొడిలా రాలి సోలు చేతికొస్తుంది. కోస్తాలో, అందులోనూ గోదావరి కాలవగట్టున ఉన్న ఇంట్లో, అటక మీద ప్లాస్టిక్ సంచిలో కట్టి దాచడం దీనికి దగ్గరి దారి. అప్పుడప్పుడూ వాడి ఆరబెట్టే జతకన్నా మూసిపెట్టిన జత ముందు పోవడం మామూలే. కొనేముందు తయారీ తేదీ అడగండి. తగ్గింపు ధరకు వచ్చే పాత సరుకులో అసలు గుట్టు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఈవీఏ అనే మరో నురగ పదార్థం నీటికి ఇలా తెగదు, కానీ బరువు కింద అణగారిపోయి తిరిగి లేవదు. అది మోసం చెయ్యదు, మెల్లగా ముసలిదవుతుంది. మన వాతావరణానికి నేను దానికే ఓటు వేస్తాను.

సోలును పైభాగానికి ఎలా తగిలించారన్నది రెండో ప్రశ్న. జిగురుతో అతికించినదైతే జిగురు పట్టు వదలగానే బూటు కథ ముగుస్తుంది. అంచు చుట్టూ కుట్టు వేసినదైతే సోలు అరిగాక విప్పి కొత్తది వేయించుకోవచ్చు. పందొమ్మిదో శతాబ్దిలో ఆ కుట్టును యంత్రం మీద వేయడం సాధ్యం చేసిన పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్ పేరు ఉంది. రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరిచిన చార్లెస్ గుడ్‌ఇయర్ కొడుకు ఆయన. తండ్రి సోలు ఇచ్చాడు, కొడుకు దాన్ని కుట్టే దారి ఇచ్చాడు. దారం నైలానుదో పాలియెస్టర్‌దో కావాలి. నూలు దారం మన తేమలో కుళ్ళుతుంది. కొత్త బూటు కొనగానే ఆరతో కుట్టే పెద్దాయన దగ్గర కూర్చుని ముక్కు దగ్గర, పక్కల ఒక వరస కుట్టు వేయించడం మన ఊళ్ళ అలవాటు. ఆ అలవాటుకు శాస్త్రం అడ్డు చెప్పదు. నీళ్ళు రాని పొర ఉన్న బూటుకు మాత్రం వద్దు. సూది దిగినచోటల్లా ఆ పొరకు చిల్లు పడుతుంది.

బరువు గురించి ఒక్క మాట. వీపు మీద కిలో మోయడానికి అయ్యే అదనపు శక్తితో పోలిస్తే పాదాల మీద కిలో మోయడానికి నాలుగు నుంచి ఆరు రెట్లు అవుతుందని అమెరికా సైనిక పరిశోధకులు 1969లోనే కొలిచారు. ఒక్కో కాలికి 300 గ్రాములు ఎక్కువున్న బూటు వేసుకుంటే మూడు కిలోల మూట వీపున కట్టుకున్నట్టే. ఇనప సామాన్ల దుకాణంలో దొరికే సేఫ్టీ బూటు చవక, దిట్టం. దాని ముక్కులోని ఉక్కు టోపీ 200 జౌళ్ళ దెబ్బ తట్టుకోవాలని మన ఐఎస్ 15298 ప్రమాణం చెబుతుంది. ఫ్యాక్టరీలో ప్రాణాలు కాపాడే ఆ టోపీయే కొండ దిగేటప్పుడు వేళ్ళను నలిపి గోళ్ళు నల్లబరుస్తుంది.

గోళ్ళు నల్లబడటం కొలత తప్పడం వల్ల కూడా. మన పాదం ముందుభాగం వెడల్పు. బూటు అచ్చులు చాలావరకు యూరప్ కొలతలవి. కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిచి, భారతీయుల పాదాలు యూరప్, అమెరికా వాళ్ళ పాదాలకన్నా వెడల్పని తేల్చింది. ‘భా’ అనే కొత్త కొలతల పద్ధతిని ప్రతిపాదించింది. అవి దుకాణాల్లోకి పూర్తిగా వచ్చేదాకా మన జాగ్రత్త మనది. సాయంత్రం, పాదం కాస్త ఉబ్బినప్పుడు, మందం మేజోళ్ళు వేసుకుని వెళ్ళండి. తాడు బిగించి మెట్ల మీద ముందుకు వాలి నిలబడండి. బొటనవేలు ముక్కుకు తగిలిందా, ఆ జత మీది కాదు. మేజోళ్ళు నూలువి వద్దు. నూలు తడిని పట్టుకుని వదలదు, తడి చర్మం ఎక్కువ ఒరుసుకుంటుంది, ఒరిపిడికి బొబ్బలెక్కుతాయి. ఉన్ని అంటే మన వేడికి నవ్వొస్తుంది గానీ, సన్న ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తడిని పీల్చుకుని కూడా చెమ్మ తెలియనివ్వదు.

వెదురు కొట్టిన చోట మిగిలే మోళ్ళు మన్యం నడకలో పెద్ద ప్రమాదం. ఏటవాలుగా నరికిన వెదురు మోడు మామూలు సోలును గుచ్చుకుని పైకి వస్తుంది. ఇలాంటి నేల మీద రోజూ తిరిగేవాళ్ళకు సోలులో గుచ్చుకోని గుడ్డ పొరో పలచని ఉక్కు రేకో ఉండటం విలాసం కాదు. పాముల విషయానికొస్తే, విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796 నాటి తన పాముల గ్రంథంలో ‘కాటుక రేకుల పొడ’ అని తెలుగు పేరుతోనే నమోదు చేసిన రక్తపింజర కొండల్లోనే కాదు, డెల్టా గట్ల మీదా ఉంటుంది. పాముకాట్లలో ఎక్కువభాగం పడేది మోకాలి కిందనే. చీలమండ దాటిన బూటు, దాని మీద వదులు ప్యాంటు ఉంటే కాటుకూ చర్మానికీ మధ్య కాస్త దూరం దొరుకుతుంది. అది పూర్తి రక్షణ కాదు. కాటు పడితే బూటును నమ్మక వెంటనే ఆసుపత్రికి చేరాలి.

మరి ఏ బూటూ లేని కొండరెడ్డి పాదం? 2019లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం కెన్యాలో చెప్పులు లేకుండా నడిచేవాళ్ళను, బూట్లు వేసుకునేవాళ్ళను పోల్చింది. చర్మం ఎంత మందంగా ఆనె కట్టినా నేల స్పర్శ తెలియడం తగ్గలేదని తేలింది. బూటు సోలు మందమైతే రక్షణ పెరిగి స్పర్శ తగ్గుతుంది. ఆనె కట్టిన పాదం రెండూ ఇస్తుంది. అలాగని పట్నం నుంచి వెళ్ళి బూట్లు విప్పి నడవబోకండి. ఆ పాదం పుట్టినప్పటి నుంచీ తయారైనది. మీది కాదు.

ఇంటికొచ్చాక బూటును పొయ్యి పక్కనో మండుటెండలోనో పెట్టకండి, తోలు బిరుసెక్కి చిట్లుతుంది. పాత దినపత్రిక ఉండచుట్టి లోపల కూరి, తడిసిన కాగితం మారుస్తూ, గాలి తగిలేచోట ఆరనివ్వండి. కోనసీమలో అన్నిటికీ కొబ్బరినూనే మందు. తోలుకు మాత్రం అది కొద్దిగా చాలు. ఎక్కువైతే తోలు సాగి వదులవుతుంది, బూజుకు మేత దొరుకుతుంది. మైనం ఉన్న పాలిష్ మేలు.

ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కొండకు వెళ్ళేవాళ్ళు ఇవన్నీ చదివి నచ్చినది కొనుక్కోవచ్చు, తప్పైతే ఒక గోరు పోతుంది. రోజూ బీటు నడిచే వాచర్‌కు ఆ స్వేచ్ఛ లేదు, ఇచ్చిన జతే వేసుకోవాలి. అడవిలో నడవడానికి మనుషుల్ని పెట్టుకునే ఏ సంస్థకైనా మనవి ఒకటే: వాళ్ళకు ఒక బరువైన జత కాకుండా రెండు తేలికైన జతలు ఇవ్వండి. ఒకటి కాలికి ఉన్నప్పుడు రెండోది ఆరుతుంది.